ఆడియో షోలో స్పీకర్లు వినడం: పన్నెండు పేర్లతో వెళ్లి రెండు పేర్లతో రావడం ఎలా

కంపెనీలు తమ స్పీకర్లను గదుల్లో అమర్చి వినిపించే మూడు రోజుల ఆడియో షోలో రెండు వందల గదులుంటే, గదికి పది నిమిషాల చొప్పున అన్నీ వినడానికి ముప్పై మూడు గంటలు కావాలి. తలుపులు తెరిచి ఉండేది మూడు రోజులూ కలిపి పాతిక గంటలు కూడా కాదు. లిఫ్టు దగ్గర నిలబడే సమయం, మధ్య కుర్చీ ఖాళీ అయ్యేదాకా ఎదురుచూపులు, తిండీ నీళ్లూ తీసేస్తే నిజంగా చెవి పెట్టి వినగలిగేది రోజుకు నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లో ఏ స్పీకర్ కొనాలో తేలదు. ఏవి వద్దో మాత్రం బాగా తేలుతుంది. పది పన్నెండు పేర్లతో లోపలికి వెళ్లి రెండు మూడు పేర్లతో బయటపడితే టికెట్ డబ్బులు గిట్టినట్టే. ఆ మిగిలినవాటి సంగతి మీ ఇంట్లో, మీ హాల్లో తేలాలి.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది అమెరికాలో జరిగే షో ఆక్స్‌పోనా. ఏటా ఏప్రిల్‌లో షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో, ఒక పెద్ద హోటల్, దానికి అంటుకుని ఉన్న కన్వెన్షన్ సెంటర్‌లో జరుగుతుంది. నేపర్‌విల్, అరోరా వైపు ఉండే తెలుగువాళ్లకు కారులో గంటలోపు దూరం. యూరప్‌లో దీని పెద్దన్న హై ఎండ్ షో. 2004 నుంచి 2025 దాకా మ్యూనిక్‌లోని ఎంఓసీ భవనంలో జరిగి, 2026 నుంచి వియన్నాకు మారింది. అక్కడ మొదటి రోజులు వ్యాపారులకు, చివరి రోజులు మామూలు జనానికి. టికెట్ తీసుకునే ముందు ఆ తేడా చూసుకోండి. ఏ ఊరి షో అయినా వినే పద్ధతి ఒకటే, ఎందుకంటే చాలా షోలు హోటల్ గదుల్లోనే నడుస్తాయి, గొడవంతా ఆ గదులతోనే.

వెళ్లే ముందు

ముందు టేపు తీసుకుని మీ హాలు కొలవండి: పొడవు, వెడల్పు, ఎత్తు. స్పీకర్ పెట్టబోయే చోటుకీ వెనక గోడకీ మధ్య ఎన్ని అంగుళాలు వదలగలరు, సోఫా నుంచి స్పీకర్ ఎన్ని అడుగులు, సోఫా వెనక ఎంత ఖాళీ ఉంది, ఈ మూడూ కూడా. ఒక ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి. షోలో ఏ కంపెనీ మనిషితో మాట్లాడినా మొదట పనికొచ్చేది ఆ ఫొటోయే. వెనక గోడకు పది అంగుళాలు మాత్రమే వదలగలిగితే, మూడడుగులు వదిలితే గానీ పలకని స్పీకర్ల గదుల్లో కూర్చోవడం కాలక్షేపం.

తర్వాత బడ్జెట్. స్పీకర్ జతకు ఎంత, దాన్ని నడిపే యాంప్లిఫైయర్‌కి, అంటే యాంప్‌కి, ఎంత అని విడిగా రాసుకోండి. షో వెబ్‌సైట్‌లో ఏ కంపెనీ ఏ గదిలో ఉందో జాబితా ఉంటుంది. దాన్ని చూసి మీ ధరలో ఉన్న పది పన్నెండు గదులు గుర్తుపెట్టుకుని, అంతస్తుల వారీగా సర్దుకోండి. పై అంతస్తుకి లిఫ్టులో వెళ్లి, మెట్ల మీదుగా ఒక్కో అంతస్తూ దిగుతూ రావడం హాయి. శనివారం మధ్యాహ్నం లిఫ్టు కోసం పావుగంట నిలబడినా ఆశ్చర్యం లేదు.

ఒక్క రోజే కుదిరితే శుక్రవారం మధ్యాహ్నం నుంచి వెళ్లండి. శుక్రవారం పొద్దున చాలా గదుల్లో ఇంకా స్పీకర్లు జరుపుతూనే ఉంటారు. శనివారం జనం. ఆదివారం పొద్దున బాగుంటుంది: రెండు రాత్రులు సర్దుకున్నాక వ్యవస్థ కుదురుకుంటుంది, జనం పల్చబడతారు, మనుషులు తీరిగ్గా మాట్లాడతారు. ఆదివారం మధ్యాహ్నం మూడయ్యేసరికి అట్టపెట్టెలు బయటికొస్తాయి.

పెన్‌డ్రైవ్‌లో ఏం పెట్టాలి

షో గదుల్లో వాళ్లు వేసే పాటలు వాళ్ల స్పీకర్‌కి నప్పేవి. ఒక ఆడగొంతు, ఒక గిటారు, చుట్టూ బోలెడు నిశ్శబ్దం. ఇలాంటి పాటను చెడగొట్టడం చవకబారు స్పీకర్‌కి కూడా కష్టమే. మీకు పదేళ్లుగా కంఠతా వచ్చిన పాటలు మీ దగ్గర ఉంటే తప్ప పోలిక అనేది ఉండదు. అన్ని గదుల్లోనూ అవే పాటలు, అవే ముక్కలు వినాలి.

పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి, దాదాపు ప్రతి ప్లేయరూ చదువుతుంది. ఫైళ్లు నాణ్యత తగ్గని ఫ్లాక్ లేదా వేవ్ రకం, సీడీలో ఉండే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ చాలు. ఫైళ్ల పేర్లు, లోపలి ట్యాగులు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచండి. తెలుగు లిపిలో పెడితే కొన్ని ప్లేయర్లు వరసగా డబ్బాలు చూపిస్తాయి, ఏ పాట ఏదో మీకే తెలీదు. పేరు మొదట్లో 01, 02 అని అంకె వేస్తే "మూడోది వేయండి" అనొచ్చు. యూట్యూబ్ నుంచి దించి ఫ్లాక్‌గా మార్చినది యూట్యూబ్ నాణ్యతలోనే ఉంటుంది, సైజు మాత్రం పెరుగుతుంది. పాటలు స్ట్రీమ్ చేసే కోబజ్, టైడల్‌లో అవే పాటలతో ఒక ప్లేలిస్ట్ కూడా సిద్ధం చేసుకోండి. అయితే దాని మీదే ఆధారపడొద్దు, వేలమంది ఫోన్ల మధ్య హోటల్ వైఫై మొరాయిస్తుంది. కొన్ని గదుల్లో రికార్డులు, టేపులు తప్ప ఇంకేమీ వేయరు. అక్కడ ఆడగొంతో మగగొంతో ఉన్నది ఒకటి వేయమని అడగడమే దారి.

ఆరు పాటలు చాలు. ఒక్కోదాంట్లో అరవై నుంచి తొంభై సెకన్ల ముక్క కోసి పెట్టుకోండి. మొత్తం పాట పెడితే అసలు ముక్క రాకముందే వెనకాయన తన పాట అడుగుతాడు.

మొదటిది పాత మోనో సినిమా పాట. ఘంటసాల కాలం నాటి పాటలు చాలావరకు మోనోలో రికార్డయినవే, స్పీకర్లను పరీక్షించడానికి అంతకన్నా చవకైన పనిముట్టు లేదు. రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వస్తుంది కాబట్టి గొంతు సరిగ్గా నడిమధ్యన, ఒక మనిషి నిలబడ్డంత వెడల్పులో వినపడాలి. గొంతు ఒక పక్కకు ఒరిగితే రెండు చానెళ్లూ సమంగా లేవు, లేదా గది ఒక పక్క గోడ, ఇంకో పక్క కిటికీతో తేడాగా ఉంది. గాయకుడు పైస్థాయికి వెళ్లినప్పుడల్లా గొంతు పక్కకు జరిగితే రెండు స్పీకర్లూ అచ్చంగా ఒకేలా పలకడం లేదు. గొంతు ఎక్కడా నిలవకుండా తలచుట్టూ తేలుతూ, కింద బాస్ మాయమైతే ఒక స్పీకర్‌కి వైర్లు ప్లస్సు మైనస్సు తిరగబడ్డాయి. హడావుడిగా అమర్చే షోల్లో ఇది జరిగే పొరపాటే. పక్కకు పిలిచి నెమ్మదిగా చెబితే సరిచేసి కృతజ్ఞతలు చెబుతారు.

ఒక జాగ్రత్త: పాత పాటల కొత్త విడుదలల్లో కృత్రిమంగా స్టీరియో చేసినవి, వెనక కొత్త వాద్యాలు అతికించినవి ఉన్నాయి. మీ ఫైలు నిజంగా మోనోనా అన్నది ఇంట్లో ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చూడొచ్చు. స్టీరియో ట్రాకును రెండుగా విడదీసి, ఒకదాన్ని తలకిందులు చేసి, రెండూ మోనోగా కలపండి. నిశ్శబ్దం వస్తే అసలైన మోనో. గొంతు పోయి వెనక ఏవో వాద్యాలు మిగిలితే ఆ ఫైలు ఈ పరీక్షకు పనికిరాదు.

రెండోది స, శ, ష దగ్గర దగ్గరగా వచ్చే ఆడగొంతు. తెలుగు చెవికి ఈ మూడింటి తేడా చిన్నప్పటి నుంచీ తెలుసు. మంచి స్పీకర్‌లో ఆ తేడా తేలిగ్గా తెలుస్తుంది. పైస్వరాలు పలికే చిన్న భాగం, ట్వీటర్, గట్టిగా ఉంటే మూడూ ఒకే బుసలా వినిపిస్తాయి. ట్రెబుల్, అంటే ఆ పైస్వరాలు, మరీ తగ్గించి ఉంటే స కాస్తా శ వైపు మొద్దుబారుతుంది. సకారాలు 5 నుంచి 9 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటాయి, అక్కడ పడే గది ప్రభావం బాస్‌తో పోలిస్తే చాలా తక్కువ. అంటే ఇక్కడ విన్న దోషం చాలావరకు స్పీకర్‌దే. నోట్సులో దీనికి ఎక్కువ మార్కులు వేయండి.

మూడోది మృదంగం, వీలైతే కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనంలోని ముక్క. కుడివైపు నల్లటి మచ్చ మీద పడే దెబ్బలో మొన, ఆ వెంటనే శ్రుతి పలకాలి. అసలు పని ఎడమవైపుది. అరచేతి మణికట్టు దగ్గరి భాగాన్ని చర్మం మీద నొక్కుతూ జరిపితే నాదం కింద నుంచి పైకి జారుతుంది కదా, ఆ గుమ్కీ గదిలోని ఒక్కో బాస్ స్వరాన్నీ తడుముతూ పోతుంది. జారుడంతా ఒకే బలంతో వినపడితే మీ కుర్చీ ఉన్నచోట గది మంచిగా ఉంది. మధ్యలో ఒక్కచోట హఠాత్తుగా ఉబ్బి గుయ్యిమంటే, ఆ స్వరం దగ్గర గది మోగుతోంది. స్పీకర్‌ని తిట్టకముందు ఇంకో కుర్చీకి మారి మళ్లీ వినండి. ఉబ్బు మాయమైతే తప్పు గదిది.

నాలుగోది వీణ. తీగ మీటినప్పుడు గోరు తగిలిన చప్పుడు ఒకటి, దాని వెనక నాదం ఒకటి. రెండూ విడిగా, కానీ ఒకే చోటు నుంచి రావాలి. గమకంలో స్వరం సాగుతుంటే నాదం రంగు మారకూడదు. మధ్యలో రంగు మారినట్టనిపిస్తే కింది స్వరాలు పలికే వూఫర్ నుంచి ట్వీటర్‌కి పని మారే క్రాసోవర్ దగ్గర అతుకు సరిగ్గా లేదని అనుమానించాలి.

అయిదోది నాదస్వరం, డోలు. ఇది ఓపిక పరీక్ష. నాదస్వరం అసలే గట్టిది. గట్టిగా ఉన్నా చెవిలో గుచ్చుకోకుండా వినపడాలి. డోలు దెబ్బ పడ్డప్పుడు నాదస్వరం నలిగితే యాంప్‌కి గానీ స్పీకర్‌కి గానీ శక్తి చాలడం లేదు.

ఆరోది మీరు ఇంట్లో రోజూ వినే ఇప్పటి సినిమా పాట, ఎంత బండగా మిక్స్ చేసినదైనా సరే. ఇంటికి తెచ్చాక వినేది అదే. దాన్ని రెండు నిమిషాలు భరించలేని స్పీకర్ తంబురా నాదాన్ని ఎంత బాగా పలికించినా మీకు అనవసరం.

గది చేసే మాయ

పదహారు అడుగుల పొడవు, పదమూడు వెడల్పు, ఎనిమిది ఎత్తు ఉన్న హోటల్ గదినే తీసుకుందాం. 565ని అడుగుల కొలతతో భాగిస్తే ఆ దిశలో గది మోగే మొదటి స్వరం ఎన్ని హెర్ట్జో వస్తుంది: ఇక్కడ 35, 43, 70. ఈ స్వరాలు గోడల దగ్గర ఉబ్బుతాయి, గది నడిమధ్యన పల్చబడతాయి. అందుకే వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చున్నాయన "బాస్ అదిరింది" అంటాడు, మధ్య కుర్చీలో ఉన్నాయన "బాస్ ఏదీ?" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇంత చిన్న గదిలో దాదాపు 200 హెర్ట్జ్ కింద మీరు వినేది స్పీకర్ కంటే గదినే ఎక్కువ.

దీన్నుంచి రెండు నియమాలు. షోలో బాస్ ఎక్కువైందనో తక్కువైందనో ఏ స్పీకర్‌నీ కొట్టేయొద్దు, దాన్ని చూసి ఎంచుకోవద్దు కూడా. గొంతు సహజంగా లేకపోతే మాత్రం మొహమాటం లేకుండా కొట్టేయండి, ఆ లోపం మీ ఇంటికి కూడా వస్తుంది.

చిన్న గదిలో మనిషెత్తు స్పీకర్లు పెట్టి ఊపిరాడకుండా చేసే ప్రదర్శనలు ప్రతి షోలోనూ ఉంటాయి. కింది అంతస్తు హాళ్లలో చిన్న స్టాండు స్పీకర్లు పెట్టి పీలగా వినిపించేవీ ఉంటాయి. రెండు చోట్లా తప్పు అమర్చినవాళ్లది. నచ్చిన కంపెనీ ఇలా దొరికిపోతే పేరు కొట్టేయకుండా పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

గదిలో పది నిమిషాలు

తలుపు దగ్గర అర నిమిషం నిలబడి, గొంతు మనిషి గొంతులా ఉందా, డబ్బాలోంచి వస్తున్నట్టుందా చూడండి. బయటి నుంచి విన్నప్పుడే గొంతు ముక్కుతో పాడినట్టుంటే లోపల బాగుపడే అవకాశం తక్కువ. తర్వాత వెనక వరసలో కూర్చోండి, మధ్య కుర్చీ ఖాళీ అయితే ముందుకు జరగండి. పక్క గదిలో బాస్ మోగుతుంటే ఆ పాట అయ్యేదాకా ఆగండి. గోడలు పల్చన, పక్కవాళ్ల డ్రమ్ములు మీ వీణలో కలుస్తాయి.

పాట అయ్యేదాకా మాట్లాడొద్దు. విరామంలో "తొంభై సెకన్ల పాట ఒకటి వేస్తారా?" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఎంతసేపో ముందే చెప్పడం ముఖ్యం. మన పాటలు వాళ్లకు కొత్త కాబట్టి చాలాసార్లు ఆసక్తిగా వింటారు. ఒక్కో గదిలో రెండు ముక్కలకు మించి అడగొద్దు. మొదటి చుట్టులో మోనో పాట, సకారాల పాట. రెండో చుట్టుకి నిలిచిన నాలుగు గదుల్లో మృదంగం, నాదస్వరం, మిగతావి.

మధ్య కుర్చీ దొరికాక చేయాల్సినవి ఇవి. తల కుడికి ఒక జానెడు, ఎడమకు ఒక జానెడు జరపండి. గొంతు వెంటనే పక్క స్పీకర్‌లోకి దూకితే ఆ స్పీకర్‌ని ఇంట్లో ఒక్కరే వినగలరు. తర్వాత పాట నడుస్తుండగానే లేచి నిలబడండి. ట్రెబుల్ మసకబారితే, గొంతు బోలుగా మారితే, చెవి ట్వీటర్ ఎత్తులో ఉంటేనే అది బాగుంటుందని అర్థం. చివరికి ఒక పక్క కుర్చీలో కూర్చుని వినండి. ఇంట్లో నలుగురూ నడిమధ్యన కూర్చోరు.

బయటికొచ్చిన అర నిమిషంలోపు రెండు వాక్యాలు రాయండి. శబ్దంలోని సన్నని తేడాల జ్ఞాపకం కొద్ది సెకన్లలోనే కరిగిపోతుంది, మూడు గదులు దాటాక గుర్తుండేది స్పీకర్ రంగు మాత్రమే. గది నంబరు, స్పీకర్ పేరు, జత ధర, యాంప్ పేరు, ఎన్ని అడుగుల దూరంలో కూర్చున్నారు, సకారాలు, గొంతు, మోనో. "చాలా బాగుంది" అని రాస్తే సాయంత్రానికి అన్ని గదులూ చాలా బాగుంటాయి. "శ కొంచెం బుస, గొంతు నడిమధ్య, యాంప్ మరీ ఖరీదు" అని రాస్తే పనికొస్తుంది.

శబ్దం ఎంత పెట్టారో చూడండి

ఒకే స్పీకర్‌ని ఒక డెసిబెల్ పెంచి వినిపిస్తే చాలామంది పెంచిందే మేలన్నట్టు చెబుతారు, పెరిగిందని గుర్తించకుండానే. శబ్దం పెరిగేకొద్దీ చెవికి బాస్ కూడా నిండుగా అనిపిస్తుంది. రెండు జతలు పక్కపక్కన పెట్టి స్విచ్ నొక్కి పోల్చే గదుల్లో ఇదే ఉచ్చు. సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందన్న అంకె, 84 డెసిబెళ్లు ఉన్నదాన్ని, 90 ఉన్నదాన్ని ఒకే వాల్యూమ్‌లో పెడితే రెండోది 6 డెసిబెళ్లు ఎక్కువ మోగుతుంది, అదే బాగుందనిపిస్తుంది. మొదటిదాన్ని దానికి సమంగా మోగించాలంటే నాలుగు రెట్లు శక్తి కావాలి. వాల్యూమ్ సరిచేసి వినిపించమని అడగండి.

ఫోన్లో సౌండ్ మీటర్ ఉంచుకోండి. ఐఫోన్‌కి అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ఉచితంగా ఇచ్చే యాప్ ఉంది. ఒకే పాట, ఒకే ముక్క దగ్గర సగటు 75 నుంచి 80 డెసిబెళ్లు ఉండేలా చూసుకుంటే గదుల మధ్య పోలిక న్యాయంగా ఉంటుంది. అదే సంస్థ లెక్కన 85 డెసిబెళ్లలో రోజుకు ఎనిమిది గంటలు, ప్రతి 3 డెసిబెళ్లకు సమయం సగం: 88లో నాలుగు, 91లో రెండు, 94లో ఒక గంట. 94 దాటించి వినిపించే గదులు షోలో తక్కువేమీ కాదు. మధ్యాహ్నానికి "అన్నీ ఒకేలా ఉన్నాయి" అనిపించిందంటే చెవి అలిసిందని గుర్తు. ముప్పావు గంట విన్నాక పావుగంట బయట తిరిగి రండి. జేబులో మామూలు ఇయర్‌ప్లగ్స్, మీ సొంత ఇయర్‌ఫోన్స్ రెండూ ఉంచుకోండి. మొదటివి కారిడార్లో, రెండోవి గదికీ గదికీ మధ్య మీ మోనో పాట ఒక్క నిమిషం విని చెవిని మళ్లీ దారిలో పెట్టుకోవడానికి.

స్పీకర్ రకాన్ని బట్టి

పెట్టె స్పీకర్లలో మూసినవి, రంధ్రం ఉన్నవి అని రెండు. మూసిన పెట్టెలో బాస్ కింది స్వరాలకు మెల్లగా తగ్గుతుంది, ఆక్టేవ్‌కి 12 డెసిబెళ్ల చొప్పున. రంధ్రం ఉన్నది ఇంకొంచెం కిందిదాకా నిలబడి, తర్వాత 24 చొప్పున జారిపోతుంది. రంధ్రం వెనక ఉందా ముందుందా తప్పక చూడండి. వెనక రంధ్రం, గోడకు పది అంగుళాలు అంటే మోతకు మీరే పిలుపు పంపినట్టు.

ఎలక్ట్రోస్టాటిక్, ప్లేనర్ పలకల గదులు చూడకుండా రావొద్దు. క్వాడ్ 1957లో తెచ్చిన ఎలక్ట్రోస్టాటిక్ దగ్గర నుంచి నేటి మార్టిన్ లోగన్, మాగ్నెపాన్ దాకా పద్ధతి ఒకటే: పలక వెనక పెట్టె లేదు, పల్చటి పొర ముందుకీ వెనక్కీ పలుకుతుంది. గొంతు, వీణ అద్భుతంగా ఉంటాయి. వెనక కనీసం మూడడుగులు వదలాలి, ముందు వెనక శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం వల్ల లోతైన బాస్ తగ్గుతుంది. నిలబడి వినే పరీక్ష వీటికి తప్పనిసరి.

గరాటులాంటి నోరున్న హార్న్ స్పీకర్లను దగ్గరగా వినొద్దు. పది అడుగుల దూరమైనా ఉంటే తప్ప పై హార్న్, కింది వూఫర్ కలిసి ఒకటిగా వినపడవు. నాదస్వరం వేసేది ఇక్కడే. ట్వీటర్‌ని వూఫర్ నడిమధ్యన పెట్టిన కోయాక్సియల్‌లు, కెఫ్ 1988 నుంచి యూని-క్యూ పేరుతో చేస్తున్నవాటి వంటివి, పక్క కుర్చీలో కూడా గొంతు పెద్దగా మారకుండా వినిపిస్తాయి. కుటుంబంతో వినే ఇంటికి ముందు వీటి గదులే చూడండి. బీబీసీ అవుట్‌డోర్ ప్రసార వ్యాన్ల కోసం రూపొందించిన ఎల్‌ఎస్ 3/5ఏ వారసులు ఇప్పటికీ షోల్లో కనిపిస్తాయి. పెట్టె షూ బాక్సుకి కాస్త పెద్దది, సెన్సిటివిటీ 82, 83 దగ్గర. మనిషి గొంతుకి ఇవి కొలబద్ద. డోలు మాత్రం అడగొద్దు.

యాంప్ లోపలే ఉన్న యాక్టివ్ స్పీకర్ల ధర చూసి భయపడే ముందు, పక్క గదిలో స్పీకర్ ధరకు యాంప్, కేబుళ్ల ధర కలిపి చూడండి. వీటిలో చాలావాటికి గదిని బట్టి బాస్ సరిచేసే డిజిటల్ సదుపాయం ఉంటుంది. అది ఆన్‌లో ఉందో లేదో అడిగి, వీలైతే తీసేసి, పెట్టి రెండుసార్లు వినండి.

అడగాల్సినవి

ధర జతకా, ఒక్కదానికా? రెండోదే అయిన సందర్భాలున్నాయి. స్టాండ్లు అందులోనేనా? గదిలో బాస్ కోసం విడిగా పెట్టే సబ్‌వూఫర్ నడుస్తోందా? తెర వెనకో మూలనో దాచిపెట్టినవి ఉంటాయి. సెన్సిటివిటీ ఒక వాట్‌కా, 2.83 వోల్టులకా? 8 ఓమ్‌ల స్పీకర్‌కి రెండూ ఒకటే. 4 ఓమ్‌ల స్పీకర్‌కి 2.83 వోల్టులంటే రెండు వాట్లు, కాగితం మీది అంకె 3 డెసిబెళ్లు ఎక్కువ కనిపిస్తుంది. ఇంపీడెన్స్, అంటే ఓమ్‌లలో చెప్పే విద్యుత్ నిరోధం, కనిష్ఠంగా ఎంతకు పడుతుంది? మూడు ఓమ్‌లకన్నా కిందికి పడితే చిన్న యాంప్‌తో ఇబ్బంది పడతారు.

అన్నిటికన్నా ముఖ్యం: "మా ఇంట్లో దీన్ని ఏ యాంప్‌తో నడపమంటారు?" మూడు వేల డాలర్ల స్పీకర్‌ని ముప్పై వేల డాలర్ల యాంప్‌తో వినిపించడం షోల్లో మామూలే. మీ ధరలో ఉన్న యాంప్ పేరు వెంటనే చెప్పగలిగినవాళ్లు తమ స్పీకర్‌ని మామూలు ఇళ్లలో చూసినవాళ్లు. కేబుళ్ల గురించి ఎవరైనా ఇరవై నిమిషాలు మాట్లాడితే గడియారం చూసి లేవండి.

ఆదివారం చివర్లో ప్రదర్శన జతలు తగ్గింపు ధరకు అమ్ముతారు. కొనాలనిపిస్తే రెండింటి సీరియల్ నంబర్లు జతగా ఉన్నాయా, ట్వీటర్ గుమ్మటం సొట్టపడిందా, అసలు అట్టపెట్టెలున్నాయా చూడండి. అట్టపెట్టె లేకుండా ముప్పై కిలోల స్పీకర్‌ని తర్వాత ఎక్కడికీ పంపలేరు.

హైదరాబాద్ ఫ్లాటుకు తేవాలంటే

అమెరికాలో విని ఇక్కడ వాడబోయేవాళ్లకు రెండు లెక్కలు అదనం. అమెరికా హోటల్ గది గోడలు చెక్క లేదా ఇనుప చట్రం మీద బిగించిన జిప్సమ్ పలకలు, కింద కార్పెట్. ఆ పలకలు కింది స్వరాలకు ఊగి కొంత బాస్‌ని మింగేస్తాయి, కొంత బయటికి వదిలేస్తాయి. మన ఫ్లాటులో ఇటుక, కాంక్రీటు గోడలు దేన్నీ వదలవు, కింద టైల్స్ ట్రెబుల్‌ని అద్దంలా తిప్పికొడతాయి. అదే స్పీకర్ ఇక్కడ కింద ఎక్కువ మోగుతుంది, పైన ఎక్కువ మెరుస్తుంది. అందుకని షోలో బాస్ ఒక పిసరు తక్కువ, ట్రెబుల్ ఒక పిసరు మెత్తన అనిపించిన స్పీకరే కాంక్రీటు హాల్లో సరిపోయే అవకాశం ఎక్కువ. మూసిన పెట్టె, లేదా రంధ్రాన్ని మూయడానికి స్పాంజి బిరడాలు ఇచ్చేది అయితే ఇంకా నయం. స్పీకర్లకూ సోఫాకీ మధ్య ఆరడుగులకు తొమ్మిదడుగుల మందపాటి తివాచీ బడ్జెట్లో కలపండి. యాంప్‌ని ఒక మెట్టు పెంచడం కన్నా దానివల్లే ఎక్కువ లాభం. డల్లస్‌లోనో నేపర్‌విల్‌లోనో చెక్క చట్రం ఇంట్లో ఉండేవాళ్లకు ఈ బెంగ లేదు, హోటల్ గది మీ హాలుకి దగ్గరగానే పలుకుతుంది.

రెండో లెక్క కరెంటు. మామూలు స్పీకర్లకు గొడవ లేదు. యాక్టివ్ స్పీకర్లయితే వెనక చీటీ మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉందా చూడాలి. 120 అని మాత్రమే ఉంటే మన 230లో నేరుగా పెట్టగానే కాలిపోతుంది. వారంటీ ఏ దేశంలో చెల్లుతుందో కూడా కాగితం మీద రాయించుకోండి.

ఇంటికొచ్చాక

ఆ రాత్రే నోట్సు తీసి ప్రశ్నార్థకాలు, కొట్టివేతలు పోగా మిగిలిన పేర్లు రాయండి. వాటికి సీటీఏ-2034 అనే స్పీకర్ కొలతల ప్రమాణం పద్ధతిలో తీసిన కొలతల గ్రాఫులు ఇంటర్నెట్‌లో దొరికితే చూడండి. ఎదురుగా వచ్చే శబ్దపు గీత, గోడల మీద నుంచి వచ్చే శబ్దపు గీత రెండూ ఎగుడుదిగుళ్లు లేకుండా, రెండోది పైస్వరాల వైపు మెల్లగా వాలుతూ పోతుంటే మీ చెవి చెప్పినదానికి బలం దొరికినట్టు. మీరు "శ బుస" అని రాసిన స్పీకర్ గ్రాఫులో 5 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య గుట్ట కనిపిస్తే, మీ చెవిని ఇక నమ్మొచ్చు.

తర్వాత దగ్గర్లోని డీలర్‌కి ఫోన్ చేసి ఇంటికి తెచ్చి వినిపించే ఏర్పాటు, లేదా ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారో, వెనక్కి పంపే రవాణా ఖర్చు ఎవరిదో అడగండి. ఇంటికొచ్చిన జతను ముందు మీరు అనుకున్న చోటే పెట్టి, మోనో పాటతో గొంతును మధ్యకు తెచ్చుకోండి. తర్వాత గుమ్కీ వేసి, ఒక్కోసారి నాలుగంగుళాల చొప్పున గోడ నుంచి ముందుకు జరుపుతూ, ఉబ్బు తగ్గినచోట నేల మీద మాస్కింగ్ టేపు అతికించండి. అట్టపెట్టెలు, లోపలి థర్మోకోల్ గడువు ముగిసేదాకా పారేయొద్దు.